విషం వాళ్లది... మట్టి మనది!

ఫ్యాక్టరీ మూతపడుతుంది. గేటుకు తాళం పడుతుంది. యజమాని మరో ఊళ్లో మరో పేరుతో మరో బోర్డు పెట్టుకుంటాడు. నేలలోకి ఇంకిన విషం మాత్రం ఎక్కడికీ పోదు. బావిలో నీళ్లై, చేలో పంటై, పిల్లల ఒంట్లో జబ్బై తిరిగొస్తుంది. ఆ మట్టిని ఎవరు శుభ్రం చేయాలి? ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఈ రెండు ప్రశ్నల చుట్టూ దేశదేశాల్లో దశాబ్దాల తరబడి కేసులు నడిచాయి. కొన్నిచోట్ల కంపెనీలు దిగొచ్చి కోట్ల డాలర్లు కట్టాయి. కొన్నిచోట్ల తీర్పు వచ్చినా మట్టి మారలేదు. ఆ తేడా ఎక్కడుందో చూద్దాం.

ఒక్క డాలరు స్థలం

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, నయాగరా జలపాతం పక్కనే నయాగరా ఫాల్స్ అనే ఊరుంది. 1890ల్లో విలియం లవ్ అనే వ్యాపారి అక్కడ ఓ కాలువ తవ్వి, ఆ నీటితో కరెంటు తీసి, కొత్త నగరం కట్టాలని కలగన్నాడు. డబ్బు చాల్లేదు. కాలువ మధ్యలోనే ఆగిపోయింది. గొయ్యి మిగిలింది, దానికి ఆయన పేరూ మిగిలింది... లవ్ కెనాల్!

ఆ గొయ్యి హుకర్ కెమికల్ అనే కంపెనీకి పనికొచ్చింది. 1942 నుంచి 1953 దాకా సుమారు 21 వేల టన్నుల రసాయన వ్యర్థాలను ఆ కాలువలో పారబోసింది. తర్వాత పైన మట్టి కప్పేసి, స్థలాన్ని స్థానిక స్కూలు బోర్డుకు రాసిచ్చింది. ధర ఎంతో తెలుసా? ఒక్క డాలరు! దస్తావేజులో ఓ షరతు మాత్రం మర్చిపోకుండా రాయించుకుంది. ‘ఈ నేలలో రసాయన వ్యర్థాలున్నాయి, రేపు ఎవరికేమైనా మాకు సంబంధం లేదు’ అన్నది దాని సారాంశం.

స్కూలు బోర్డు అక్కడ బడి కట్టింది. చుట్టూ ఇళ్లు లేచాయి. జీతగాళ్లు అప్పుచేసి కొనుక్కున్న ఇళ్లవి. 1970ల మధ్యలో వానలు, మంచు ఎక్కువై భూమిలో నీటిమట్టం పెరిగింది. కింద డ్రమ్ములు అప్పటికే తుప్పుపట్టిపోయాయి. ఇళ్ల కింది గదుల్లోకి నల్లటి జిడ్డు ఊరడం మొదలైంది. పెరట్లో చెట్లు మాడిపోయాయి. ఆడుకుని ఇంటికొచ్చిన పిల్లల చేతులు మండాయి.

ఆ బడిలో చదివే ఓ పిల్లాడి తల్లి లూయిస్ గిబ్స్. ఉద్యమాలతో పరిచయం లేని సాధారణ గృహిణి. కొడుకుకు తరచూ జబ్బు చేస్తుంటే బడి మార్చమని అడిగింది. కుదరదన్నారు. అప్పుడామె ఇంటింటి తలుపూ తట్టింది. ఏ ఇంట్లో చూసినా ఏదో ఒక అనారోగ్యం, గర్భస్రావం, పుట్టుకతో లోపం. ఆ లెక్కలన్నీ రాసుకుని కాలనీవాసులతో సంఘం పెట్టింది. 1978 ఆగస్టులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 1980లో మరోసారి ప్రకటించాల్సి వచ్చింది. మొత్తం సుమారు 950 కుటుంబాలు ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది.

తలరాత మార్చిన చట్టం

లవ్ కెనాల్ పుణ్యమా అని 1980 డిసెంబరు 11న అమెరికాలో ఓ చట్టం పుట్టింది. దాన్ని అందరూ ‘సూపర్‌ఫండ్’ అంటారు. కంపెనీల గుండెల్లో రైళ్లు పరిగెత్తించిన చట్టం అది. కారణం మూడు నిబంధనలు.

మొదటిది, తప్పు చేశారా లేదా అన్నది ముఖ్యం కాదు. విషం మీదైతే బాధ్యతా మీదే. ‘మేం జాగ్రత్తలన్నీ తీసుకున్నాం’ అన్నా చెల్లదు. రెండోది, పదిమంది కలిసి పారబోస్తే ఆ పదిమందిలో దొరికిన ఒక్కరినుంచైనా మొత్తం ఖర్చు వసూలు చేయొచ్చు. మిగతా తొమ్మిదిమంది వాటా రాబట్టుకోవడం ఆ ఒక్కరి తలనొప్పి. మూడోది మరీ గట్టిది... చట్టం రాకముందు చేసిన పనికీ ఇప్పుడు జవాబు చెప్పాల్సిందే. ‘అప్పట్లో అది నేరం కాదు కదా’ అంటే కుదరదు.

కంపెనీలు కోర్టులో గెలిచే దారులు మూసుకుపోవడంతో రాజీకి రావడం మొదలైంది. అయితే అది మామూలు రాజీ కాదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ముందు బాధ్యులెవరో తేల్చి నోటీసులిస్తుంది. చర్చలకు గడువు పెడుతుంది. ఒప్పుకోని కంపెనీకి ‘శుభ్రం చేయి’ అని నేరుగా ఆదేశమిస్తుంది. సరైన కారణం లేకుండా ధిక్కరిస్తే అయిన ఖర్చుకు మూడింతలు కట్టాల్సి రావచ్చు. ఒప్పుకుంటే మాత్రం ఏం చేయాలి, ఎంత లోతు తవ్వాలి, ఎన్నాళ్లలో పూర్తిచేయాలి... అన్నీ కాగితం మీద పెడతారు. ఆ ముసాయిదాను ప్రజల ముందుంచి 30 రోజులు అభిప్రాయాలు చెప్పమంటారు. ఆ తర్వాతే న్యాయమూర్తి సంతకం. అప్పుడది కోర్టు ఉత్తర్వు అవుతుంది. గడువు దాటితే ముందుగా అనుకున్న లెక్క ప్రకారం జరిమానా పడుతుంది.

ఇందులో ఓ చిత్రం ఉంది. ఈ ఒప్పందాల్లో కంపెనీ సాధారణంగా నేరం ఒప్పుకోదు. ‘తప్పు చేశామని అంగీకరించడం లేదు, కానీ శుభ్రం చేస్తాం’ అని రాసి సంతకం పెడుతుంది. నష్టపోయినవాళ్లకు అది చేదు మాత్రే. అయినా ఇరవయ్యేళ్లు వాదించుకునే బదులు రేపే పార పట్టుకోవడం మేలన్నది ఈ పద్ధతి వెనకున్న ఆలోచన.

లవ్ కెనాల్‌కూ ఏళ్ల తరబడి నిరీక్షణ తప్పలేదనుకోండి. 1979 డిసెంబరులో ప్రభుత్వం కేసు వేసింది. హుకర్‌ను అప్పటికే కొనుక్కున్న ఆక్సిడెంటల్ కంపెనీయే శుభ్రపరిచిన ఖర్చుకు బాధ్యురాలని 1988లో ఫెడరల్ కోర్టు తేల్చింది. 1994లో న్యూయార్క్ రాష్ట్రంతో 9.8 కోట్ల డాలర్లకు, 1995లో కేంద్ర ప్రభుత్వంతో 12.9 కోట్ల డాలర్లకు కంపెనీ రాజీపడింది. అక్కడి మురుగునీటి శుద్ధి పనినీ నెత్తికెత్తుకుంది. ఒక్క డాలరుకు వదిలించుకున్న స్థలానికి ఈ రెండు ఒప్పందాల్లోనే పడిన బిల్లు... 22.7 కోట్ల డాలర్లు!

మరి విషం తీసేశారా? లేదు. తవ్వితే గాల్లో కలిసే ప్రమాదం ఉంది కాబట్టి అక్కడే బంధించారు. సుమారు 40 ఎకరాల మేర పైకప్పు వేశారు. చుట్టూ కాలువలు తవ్వి ఊరే నీటిని పట్టి శుద్ధి చేస్తున్నారు. 2004లో ఆ స్థలాన్ని ప్రమాదకర ప్రాంతాల జాబితాలోంచి తొలగించారు. కంచె మాత్రం తీయలేదు.

అప్పులన్నీ ఒక పిల్ల కంపెనీకి!

కాలుష్యం వదిలించుకోవడానికి కంపెనీలు వేసే ఎత్తుల్లో పాతదీ పెద్దదీ ఒకటుంది. లాభాలొచ్చే వ్యాపారం ఓ పక్కకు జరిపి, కేసులూ బాకీలూ ఉన్న పాత వ్యవహారాలను మరో కంపెనీకి అంటగట్టడం. ఆ రెండోది దివాలా తీస్తే బాధితులు ఎవర్ని అడగాలి?

కెర్-మెక్‌గీ అనే అమెరికా కంపెనీ సరిగ్గా ఇదే చేసింది. యురేనియం తవ్వింది. చెక్కకు చెదలు పట్టకుండా పూసే క్రియోసోట్‌తో ఊళ్లకు ఊళ్ల నేల పాడుచేసింది. నెవాడాలో రాకెట్ ఇంధనంలో వాడే పెర్‌క్లోరేట్ తయారీ మిగిల్చిన కాలుష్యం లక్షలమంది తాగే నీటి జలాశయం దాకా పాకింది. చమురు వ్యాపారం తన దగ్గరుంచుకుని, రసాయనాల వ్యాపారంతో పాటు దశాబ్దాల కాలుష్య బాధ్యతలన్నిటినీ ట్రోనాక్స్ పేరుతో విడగొట్టింది. 2006లో చమురు కంపెనీని అనడార్కో కొనుక్కుంది. బరువు మోయలేక ట్రోనాక్స్ 2009 జనవరిలో దివాలా తీసింది.

ప్రభుత్వమూ బాధితులూ ఊరుకోలేదు. ‘బాకీలు ఎగ్గొట్టడానికే ఈ విభజన’ అంటూ కోర్టుకెక్కారు. 2013 డిసెంబరులో దివాలా కోర్టు న్యాయమూర్తి వాళ్లతో ఏకీభవించారు. బాధ్యత 14 వందల కోట్ల డాలర్ల దాకా వెళ్లొచ్చని లెక్క తేలడంతో 2014 ఏప్రిల్లో అనడార్కో రాజీకొచ్చింది. 515 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో సుమారు 440 కోట్లు నేలను, నీటిని శుభ్రం చేయడానికే. పర్యావరణ శుద్ధి కోసం అమెరికాలో అప్పటిదాకా ఏ కేసులోనూ అంత సొమ్ము రాలేదు. నవాజో ఆదివాసుల నేలపై వదిలేసిన సుమారు 50 యురేనియం గనుల కోసమే దాదాపు వంద కోట్ల డాలర్లు కేటాయించారు. యురేనియం తవ్వి దశాబ్దాలు గడిచిపోయినా, కంపెనీ పేరు మారినా, చేతులు మారినా... బిల్లు మాత్రం వెతుక్కుంటూ వచ్చింది.

తెలుగు న్యాయమూర్తి మాట

మన దేశంలో ఇలాంటివి లేవా అంటే, తీర్పులకేం కొదవలేదు. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లా బిచ్ఛ్రీ గ్రామం కథే తీసుకోండి.

అక్కడ సిల్వర్ కెమికల్స్ అనే ఫ్యాక్టరీ 1980ల చివర్లో ‘హెచ్ ఆసిడ్’ తయారుచేసింది. రంగుల తయారీలో వాడే రసాయనమిది. విదేశాలకు పంపడం కోసం 375 టన్నులు తయారైంది. దాంతో పాటు వచ్చిన విషపు మడ్డి ఎంతో తెలుసా? 2,440 టన్నులు! సరుకు ఓడెక్కి వెళ్లిపోయింది, మడ్డి ఊళ్లో మిగిలింది. వానలకు అది నేలలోకి ఇంకి సుమారు 70 బావుల్లో నీళ్లు ముదురు రంగుకు తిరిగాయి. తాగడానికి పనికిరావు, పశువులకు పనికిరావు, పంటకూ పనికిరావు. కడుపు మండిన జనం తిరగబడ్డారు. 144వ సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. 1989 జనవరిలో ఫ్యాక్టరీ మూతపడింది.

ఓ పర్యావరణ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఫిబ్రవరి 13న తీర్పు వచ్చింది. రాసింది కరీంనగర్ ప్రాంతం నుంచి వెళ్లిన తెలుగువాడు, జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి. ప్రమాదకరమైన వ్యాపారం చేసేవాళ్లు జాగ్రత్తలు తీసుకున్నా తీసుకోకపోయినా జరిగిన నష్టానికి పూర్తి బాధ్యులేననీ, బాధితులకు పరిహారంతో పాటు పాడైన నేలనూ నీటినీ బాగుచేసే ఖర్చూ వాళ్లదేననీ ఆ తీర్పు తేల్చిచెప్పింది. ‘కాలుష్యం చేసినవాడే చెల్లించాలి’ అన్న సూత్రం ఆ తర్వాత వచ్చిన ఎన్నో కేసులకు ఆధారమైంది. 2010లో వచ్చిన జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టంలోనూ చోటు సంపాదించుకుంది.

బిచ్ఛ్రీని బాగుచేయడానికి 37.385 కోట్ల రూపాయలవుతుందని నీరి శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. కట్టమని 1997లో కోర్టు చెప్పింది. కంపెనీ కట్టిందా? పిటిషన్ మీద పిటిషన్ వేస్తూ పోయింది. 2011 జులైలో సుప్రీంకోర్టుకు కోపమొచ్చింది. 1997 నుంచి ఏడాదికి 12 శాతం చక్రవడ్డీతో కట్టాలనీ, కోర్టు సమయం వృథా చేసినందుకు మరో 10 లక్షలు చెల్లించాలనీ ఆదేశించింది. ఆ వడ్డీతో లెక్కేస్తే అప్పటికే అసలు నాలుగున్నర రెట్లు దాటింది. ఎగ్గొట్టేవాడికి ఆలస్యం లాభసాటి కాకూడదన్నది కోర్టు ఉద్దేశం. కానీ 1989లో పదేళ్ల పిల్లాడు 2011 నాటికి పిల్లల తండ్రయ్యే వయసుకొచ్చాడు. బావిలో నీళ్లకు ఏ కోర్టూ వడ్డీ చెల్లించలేదు.

మట్టి మర్చిపోయిన రాజీ

రాజీ పత్రంలో ‘మట్టి’ అన్న మాట లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి భోపాల్‌ను మించిన ఉదాహరణ లేదు. 1984 డిసెంబరు 2 రాత్రి వెలువడిన విషవాయువు వేలమందిని బలితీసుకుంది. 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమక్షంలో యూనియన్ కార్బైడ్ 47 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. అది మనుషులకిచ్చిన పరిహారం. ఫ్యాక్టరీ ఆవరణలో, దాని వెనక గుంటల్లో ఏళ్ల తరబడి పారబోసిన వ్యర్థాల సంగతి ఆ బేరంలో తేలలేదు. 1998లో ఆ స్థలం తిరిగి రాష్ట్ర ప్రభుత్వం చేతికొచ్చింది. విషంతో సహా!

ఆవరణలో పోగుచేసి గోదాములో పెట్టిన 337 టన్నుల వ్యర్థాలు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయాయి. మధ్యప్రదేశ్ హైకోర్టు గట్టిగా మందలించాక 2025 జనవరిలో వాటిని పీథంపూర్ తరలించారు. అక్కడి జనం రోడ్డెక్కారు. చివరికి జూన్ నెలాఖరుకు దహనం పూర్తయింది. ఖర్చు ప్రభుత్వ ఖజానాది... అంటే మనదే. పరిహారం పెంచాలంటూ కేంద్రం వేసిన పిటిషన్‌ను 2023 మార్చిలోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒకసారి ముగిసిన రాజీని మళ్లీ తెరవడం ఎంత కష్టమో ఆ తీర్పు చెప్పింది.

కొడైకెనాల్‌దీ ఆలోచింపజేసే కథే. అక్కడి థర్మామీటర్ల ఫ్యాక్టరీ 1980ల్లో అమెరికాలోని వాటర్‌టౌన్ నుంచి తరలివచ్చింది. తర్వాత హిందుస్థాన్ లీవర్ చేతికొచ్చింది. 2001 మార్చిలో ఊళ్లోని పాతసామాన్ల దుకాణంలో పాదరసం అంటిన గాజుముక్కలు టన్నుల కొద్దీ బయటపడ్డాయి. ఫ్యాక్టరీ మూతపడింది. 2003లో సుమారు 290 టన్నుల పాదరస వ్యర్థాలను ఓడెక్కించి తిరిగి అమెరికాకు పంపారు. ‘మీ చెత్త మీరే తీసుకెళ్లండి’ అని ఓ భారతీయ ఊరు అనిపించుకున్న అరుదైన సందర్భమది. పదిహేనేళ్ల పోరాటం తర్వాత 2016 మార్చిలో 591 మంది మాజీ కార్మికులతో కంపెనీ రాజీ చేసుకుంది.

కార్మికుల రాజీ ముగిసింది కానీ మట్టి వివాదం ముగియలేదు. కిలో మట్టిలో 20 మిల్లీగ్రాముల పాదరసం దాకా ఉండొచ్చన్న లెక్కమీదే గొడవంతా. పక్కనే అడవి, కింద నీటివాగులు ఉన్నచోట అంత వదిలేస్తే ఎలా అన్నది ఉద్యమకారుల ప్రశ్న. ‘శుభ్రం’ అన్న మాటకు అర్థం ఒక అంకెలో ఉంటుంది. ఆ అంకె ఎవరు నిర్ణయిస్తారన్నదే అసలు పోరు.

మన గుమ్మంలో...

ఉదయ్‌పూరూ కొడైకెనాలూ దాకా ఎందుకు, హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరు ఉంది. 1970ల నుంచి అక్కడ పరిశ్రమలు బారులు తీరాయి. ఉద్యోగాలొచ్చాయి, భూముల ధరలు పెరిగాయి. చెరువులూ వాగులూ మాత్రం రంగుమారాయి. నక్కవాగు కింద పొలాలున్న రైతులు పంటలు పోగొట్టుకున్నారు. బిచ్ఛ్రీ కేసు వేసిన సంస్థే 1990లో పటాన్‌చెరు కోసమూ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. ఆ తర్వాత అది హైకోర్టు, హరిత ట్రైబ్యునల్ అంటూ ఏళ్లకేళ్లు నడిచింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేశారు. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ‘శుద్ధి’ చేసిన నీరది!

దేశవ్యాప్తంగా విషం నిండిన స్థలాలు 103 ఉన్నాయని అధికారులు గుర్తించారు. 2025 జులై నాటికి పని మొదలైంది ఏడు చోట్ల మాత్రమే. అదే నెలలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమానం ఉన్న స్థలాల వివరాలను జిల్లా యంత్రాంగం ఆర్నెల్లకోసారి నివేదించాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గడువులోగా పరీక్షలు జరిపి బాధ్యులెవరో తేల్చాలి. శుద్ధి ఖర్చు బాధ్యులే భరించాలి. వాళ్లు దొరక్కపోయినా, కట్టలేకపోయినా కేంద్ర, రాష్ట్రాలు పంచుకోవాలి. గనుల వ్యర్థాలు, అణు వ్యర్థాల్లాంటివి దీని పరిధిలోకి రావు.

సంతకానికి ముందు చూడాల్సినవి

ఇన్ని కేసులు చూశాక మంచి ఒప్పందమేదో, కంటితుడుపు ఏదో తెలుసుకోవడం కష్టమేం కాదు. మీ ఊరి పక్కనే అలాంటి స్థలం ఉంటే, ఏ ప్రజాభిప్రాయ సేకరణకో మిమ్మల్ని పిలిస్తే ఇవి అడగండి.

* శుభ్రమైందని దేన్నిబట్టి చెబుతారు? మట్టిలో, నీటిలో ఏ రసాయనం ఎంతకు తగ్గాలో అంకె రాశారా?

* డబ్బు ఎక్కడుంది? బ్యాంకు పూచీకత్తు, ప్రత్యేక నిధి లేని మాట గాలిలో దీపమే. కంపెనీ దివాలా తీసినా పని ఆగకూడదు.

* గడువు దాటితే రోజుకు జరిమానా ఎంత?

* రేపు కొత్త విషం బయటపడితే ఒప్పందాన్ని మళ్లీ తెరవొచ్చా? అమెరికా ఒప్పందాల్లో ఈ వెసులుబాటు ఉంటుంది. విషాన్ని అక్కడే బంధించిన చోట్ల ఐదేళ్లకోసారి సమీక్ష తప్పనిసరి.

* పరీక్షలు చేసేదెవరు? సూపర్‌ఫండ్ కింద స్థానికులు సొంతంగా నిపుణుణ్ని పెట్టుకోవడానికి ప్రభుత్వం 50 వేల డాలర్ల దాకా గ్రాంటు ఇస్తుంది. కంపెనీ జీతమిచ్చే నిపుణుడి మాట ఒక్కటే వినాల్సిన అవసరం లేదన్నమాట.

* మనుషులకిచ్చే పరిహారం, మట్టికి చేసే వైద్యం వేర్వేరుగా రాశారా? ఒకటిచ్చి రెండోదాన్ని మాఫీ చేయించుకుంటున్నారా?

కంపెనీలు లెక్కలు తెలిసినవి. వ్యర్థాన్ని శుద్ధి చేసే ఖర్చు కన్నా పారబోస్తే పడే ఖర్చు తక్కువని తేలితే పారబోస్తాయి. ఎక్కువని తేలితే శుద్ధి చేస్తాయి. ఇన్నేళ్ల తీర్పులూ రాజీలూ చేయాలనుకున్నది ఆ లెక్కను తిరగేయడమే. అమెరికాలో అది కొంతవరకు తిరగబడింది. మన దగ్గర సూత్రం మూడు దశాబ్దాల క్రితమే రాసుకున్నాం, నిబంధనలూ వచ్చాయి. ఇక రావాల్సింది పార పట్టుకునే మనుషులు... వాళ్ల కూలీ కంపెనీ ఖాతాలోంచి!